ముద్రిత హస్తములు

జోహన్నెస్‌బర్గ్ వడ్రంగియైన రిచర్డ్ వాన్ ఆస్ 2011లో రంపమునకు వ్రేళ్ళు కోల్పోయి, కృత్రిమాంగుళుల వెల విని దిగ్భ్రాంతుడై, తానే వానిని నిర్మించుకొన బూనుకొనుటయు, అమెరికావాసి ఐవన్ ఓవెన్ సముద్రముల కావలనుండి అతనికి తోడ్పడుటయు, వారిరువురును త్రీడీ ప్రింటరుపై తీర్చిన ‘రోబోహ్యాండ్’ నమూనాను 2013లో సర్వజనులకును ఉచితముగా సమర్పించుటయు యంత్రమహిమకంటె మానవౌదార్యమునే మిక్కిలి చాటుచున్నవి. పందొమ్మిదవ శతాబ్దిలో అడిలైడ్ నగరమున ఒక సైనికునికై తిమింగిలపు టెముకతో చెక్కిన చేయి దీనికి ప్రేరణమట!

ఈ ముద్రిత హస్తమునకు మోటారు లేదు, బ్యాటరీ లేదు. మణికట్టు వంచిన త్రాళ్ళు బిగిసి వ్రేళ్ళు ముడుచుకొనును. ఎదుగు బిడ్డకు కొన్న ఖరీదైన అవయవము అచిరకాలముననే బిగువై నిరుపయోగ మగునని సంకోచించు తలిదండ్రులకు, కంప్యూటరులోని నమూనాను కొంచెము పెంచి స్వల్పవ్యయముతో మరల ముద్రించుకొను సౌలభ్యము చిన్నది కాదు.

కాలి విషయము వేరు. పొరపై పొరగా పోసిన ప్లాస్టిక్కు ఆ పొరల సంధులయందే విచ్చిపోవు స్వభావము కలది. దేహభారమంతయు మోయవలసినచోట అట్టి దానిని పరీక్షింపక నమ్మరాదు. వట్టికాళ్ళతో నడచి, బాసిపట్టు వేసికొని కూర్చుండు మన జనులకై శిల్పి రామచంద్ర శర్మయు, వైద్యులు పి.కె. సేథీయు రూపొందించిన జైపూరు పాదమును ప్రింటరు వచ్చినదని మూలకు నెట్టుట అవివేకము. మొండిభాగపు కొలతను స్కానరుతో గ్రహించి తొడుగును ముద్రించుటకు మాత్రము యంత్రము నిశ్చయముగా అక్కరకు వచ్చును. అయినను ఆ తొడుగు ఒరయుచున్నదో లేదో చూచి సరిదిద్దు నిపుణుని జిల్లా ఆసుపత్రులలో నియమింపక, ప్రింటర్లను మాత్రము కొని ప్రారంభోత్సవములు జరుపుటను మేము హర్షింపజాలము.