ఆయనకి కనపడని చిరాకు

గోదావరి జిల్లాల వాళ్ళకి వెటకారం పుట్టుకతోనే వస్తుందని మనమే గొప్పగా చెప్పుకుంటాం. నిజమే, కాదనను. కాకపోతే అందులో సగం ఎదుటివాడి ఒంట్లో లోపం మీదే నడుస్తుంది. మా వైపు చాలా ఊళ్ళలో ఇంటిపేరు కన్నా ముందు ఇవే తగుల్తాయి: నత్తోడు, మెల్లకన్నోడు, కుంటి ఫలానా. ఇదేంటండీ అని అడిగితే సమాధానం రెడీ. "వాడేం అనుకోడండీ, అలవాటైపోయింది." లేదంటే, "వాడికి తెలీదులెండి."

ఈ "వాడికి తెలీదులెండి" మీదే నా గొడవంతా. దీనికి నాకు దొరికిన గట్టి జవాబు ఖురాన్‌లో ఉంది. నేను ముస్లింని కాదు, అరబ్బీ రాదు. తెలుగులో చదువుకున్నదే చెప్తున్నాను.

80వ సూరా పేరు అబస, అంటే మొహం చిట్లించాడు అని. 42 వాక్యాల చిన్న అధ్యాయం. దాని వెనక చెప్పే సంగతి ఇదీ. మక్కాలో ముహమ్మద్ ప్రవక్త ఖురైష్ పెద్దలతో మాట్లాడుతున్నారు. ఆ నలుగురూ ఒప్పుకుంటే ఊరు ఊరంతా దారికొస్తుందని ఆశ. సరిగ్గా అప్పుడే అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూం అనే చూపులేని మనిషి వచ్చి, నాకూ నేర్పండి అంటూ మధ్యలో అడ్డొచ్చాడు. ప్రవక్త మొహం చిట్లించి అటు తిరిగారు. అంతే, ఒక్క మాట తూలలేదు. (చిట్లించింది ప్రవక్త కాదు, అక్కడున్న ఇంకొకరు అని షియా పండితులు చాలామంది అంటారు. ఎవరైనా నేను చెప్పబోయేది మారదు.)

ఇప్పుడు చూడండి. వచ్చినాయనకి కళ్ళు లేవు. చిట్లించిన మొహం ఆయనకి కనపడే అవకాశమే లేదు. "వాడికి తెలీదులెండి" అనడానికి ఇంతకన్నా మంచి కేసు దొరుకుతుందా? అయినా దేవుడు ఊరుకోలేదు, మందలించాడు. ఆ మందలింపుని జనానికి వినిపించింది కూడా ప్రవక్తే. చెప్పకుండా దాచేస్తే అడిగేవాడెవడు! 1400 ఏళ్ళుగా దాన్ని చదువుతూనే ఉన్నారు. అంటే అవతలివాడు బాధపడ్డాడా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకే రాలేదు. ఆ మనిషికి ఇవ్వాల్సిన మర్యాద ఒకటుంది, అది తగ్గింది, అంతే. పైగా మనం వినయం అనగానే కింద ఉన్నవాడికి చెప్తాం, తల దించుకోరా, సర్దుకుపోరా అని. ఇక్కడ పాఠం చెప్పించుకున్నది పైనున్నాయన.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలియాల్సిన సంగతి. కాన్ఫరెన్స్ కాల్‌లో నత్తి ఉన్నాయన ఒక్కో మాటా కూడబలుక్కుంటుంటే, ఇవతల మ్యూట్ నొక్కి ఆయన్ని అనుకరిస్తూ నవ్వుకునే టీములు నేను చూశాను. ఆయనకి వినపడదు కదా! 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 92వ సెక్షన్ ఉంది. నలుగురి ముందు కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు. మ్యూట్ చాటున జరిగేదాన్ని ఆ చట్టం పట్టుకోవడం కష్టమే.

ఉమ్మె మక్తూం కొడుకు కథ అక్కడితో అయిపోలేదు. ప్రవక్త మదీనా వదిలి వెళ్ళినప్పుడు కొన్నిసార్లు ఊరి బాధ్యత ఈయనకి అప్పగించి వెళ్ళారు. ఆజాన్ పలికేవాళ్ళలో బిలాల్‌తో పాటు ఈయనా ఒకరు. బిలాల్ పిలుపు ఇంకా చీకటుండగానే వస్తుంది కాబట్టి అప్పటిదాకా తినొచ్చు. ఈయన పిలిస్తే మాత్రం సహరీ ముగిసినట్టే. తెల్లారిందయ్యా అని ఎవరో చెప్తే గానీ తెలియని మనిషి గొంతు విని ఊరంతా ఉపవాసం మొదలెట్టేది! నాకీ ముక్క భలే నచ్చింది. చూపు తిరిగి రాలేదు, అద్భుతం ఏదీ జరగలేదు. లోపం లోపంగానే ఉంది, గౌరవం గౌరవంగానే వచ్చింది.

ఇలాంటిదే ఇంకోటి. ఇబ్న్ మస్ఊద్ అని ఒకప్పుడు గొర్రెలు కాసుకున్న బక్కపల్చటి మనిషి. చెట్టెక్కితే గాలికి బట్ట తొలిగి పుల్లల్లాంటి కాళ్ళు కనపడ్డాయి. కింద ఉన్నవాళ్ళు నవ్వారు. అచ్చం మన రేవు దగ్గర సీనే. ఆ కాళ్ళు దేవుడి తూకంలో ఉహుద్ కొండ కన్నా బరువని ప్రవక్త అన్నారు. ఇక 49వ సూరాలో ఒకర్నొకరు ఎగతాళి చెయ్యొద్దనీ, వంకర పేర్లు పెట్టుకోవద్దనీ నేరుగానే ఉంది. మా ఊళ్ళకి అది అంటించాలి.

మనకీ లేరా అంటారేమో. ఉన్నారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు (1867-1946) చిన్నప్పట్నుంచీ రేచీకటితో బాధపడి, తర్వాత పూర్తిగా చూపు పోగొట్టుకున్నారు. రాజమండ్రి ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1943లో కళాప్రపూర్ణ ఇచ్చింది. ఆయన్ని ఎవరూ గుడ్డి చిలకమర్తి అనరు. ఎందుకంటే అప్పటికే గణపతి రాశారు, గయోపాఖ్యానం రాశారు, ఉపన్యాసాలతో సభల్ని ఊపేశారు. అబస దిగిన నాటికి ఇబ్న్ ఉమ్మె మక్తూం చేతిలో అలాంటివేం లేవు. నాకూ నేర్పండి అని అడిగాడు, అంతే. కోటిలింగాల రేవులో మెట్ల మీద కూర్చునే చూపులేని ముసలాయనకి కూడా గణపతి లాంటిదేదీ లేదు. ఆయన్ని మనం ఏమని పిలుస్తున్నామో ఈసారి వెళ్ళినప్పుడు వినండి.