కోడిని పట్టుకెళ్ళింది ఎవరు?

కాశీబుగ్గలో కోడి పోయిందంటే మొదటి అనుమానం వీధి కుక్క మీదకి పోతుంది, రెండోది పక్కింటివాళ్ళ మీదకి. ముంగిస, బావురుపిల్లి, గద్ద, పాము... వీటి పేర్లు ఆ తర్వాతెప్పుడో వస్తాయి. పట్నంలో అవెందుకుంటాయి అనుకుంటాం. కానీ మనది ఎలాంటి పట్నం చెప్పండి? జీడి ఫ్యాక్టరీ దాటితే జీడితోట, తోట దాటితే కొబ్బరి, ఆ మధ్యలో కొత్త లేఅవుట్లు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి మనుషుల మీదే పడింది. అంత జంతువు ఊళ్ళ దాకా వస్తుంటే, జానెడు ఎత్తు ముంగిసకి మన వీధి ఒక లెక్కా?

నేను ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. పెరట్లో అమ్మ కోళ్ళు తొమ్మిది, ఒక పెట్ట వెనక పిల్లలు. ఇల్లు నా జీతంతో నడుస్తున్నా, గుడ్ల డబ్బులూ సంక్రాంతికి అమ్మే పుంజుల డబ్బులూ మాత్రం అమ్మవే. ఎవర్నీ అడగక్కర్లేని డబ్బు. మొన్న వానల్లో రెండు వారాల్లో రెండు పెట్టలు, ఐదు పిల్లలు పోయాయి. ఎదురింటి మావయ్యవీ మూడు పోయాయి. ఆయనకి ఒళ్ళు మండి, చేప తలకాయల్లో గుళికల మందు కలిపి గోడ వార పెట్టేస్తానన్నాడు. అమ్మ కూడా కాదనలేదు.

ఆ సందులో సాయంత్రం పదిమంది పిల్లలు ఆడతారు. మా గేటు ముందు పడుకునే కుక్క ఎవరి జోలికీ పోదు. పైగా మందు పెట్టిన చేప తలకాయని మొదట పొడిచేది కోడే.

"మావయ్యా, ఒక్క వారం ఆగండి, ఏదొస్తుందో చూద్దాం" అన్నాను.

"ఏటిరా ఆగీది? వారం ఆగితే ఉన్నవి కూడా పోతాయి" అన్నాడాయన.

మా ఆఫీసులో ఏదైనా తేడా వస్తే ముందు లాగ్ చూస్తాం, ఎప్పుడు, ఎక్కడ అని. కోళ్ళకీ అదే పనికొచ్చింది. పిల్లలు పోయింది పగలు, పెట్టలు పోయింది రాత్రి. ఇక్కడే సగం తేలిపోయింది. ముంగిస పగలు తిరిగేది. పునుగుపిల్లి రాత్రిది. బావురుపిల్లి ఎక్కువగా చీకటి పడ్డాక, తెల్లవారుజామున తిరుగుతుంది. చచ్చిన కోడి కూడా కొంత చెబుతుంది. నాలుగైదు కోళ్ళు నలిగి, తినకుండా పడి ఉంటే కుక్కని అనుమానించండి. మెడ దగ్గర కొరుకు ఉండి ఒళ్ళంతా బాగుంటే ముంగిస కావచ్చు. కోడి మొత్తం మాయమై ఈకల దారి ఒకటే మిగిలితే పిల్లి జాతి. గుడ్డు పెంకు కూడా లేకుండా పోతే పాము. (కార్తీకంలో నాగుల చవితినాడు అదే గుడ్డు మనమే పుట్టలో వేసొస్తాం. మిగతా రోజుల్లో అది తీసుకుంటే దొంగతనం!)

రాత్రి గూటి చుట్టూ, గోడ తూము దగ్గర జల్లించిన బూడిద పరిచాను. కుక్క అడుగులో నాలుగు వేళ్ళూ గోళ్ళూ పడతాయి. పిల్లికి నాలుగు వేళ్ళే, గోళ్ళు పడవు. ముంగిసకీ పునుగుకీ ఐదు వేళ్ళు. మూడోరోజు మధ్యాహ్నం తూము దగ్గర ఐదు వేళ్ళ గుర్తులు చిన్నచిన్నవి దొరికాయి. ఐదోరోజు తెల్లారి గూటి పక్కన పిల్లివి, మన ఇంటిపిల్లి కంటే పెద్దవి. అంటే దొంగలు ఇద్దరు. కుక్క ఈ కేసులో లేనే లేదు.

గూడు సంగతి కూడా తేలింది. అమ్మ గూటికి కట్టింది ఆరు పలకల కళ్ళుండే పల్చటి జాలి. అది కోడిని లోపల ఉంచుతుంది గానీ, బయటిదాన్ని ఆపదు. పంజాతో లాగితే సాగుతుంది, కుక్క అయితే పళ్ళతో చింపేస్తుంది. హార్డ్‌వేర్ షాపులో అరంగుళం కన్ను వెల్డ్ మెష్ అడగండి, దాన్ని మేకుతో కాకుండా వాషర్ పెట్టి స్క్రూతో బిగించండి. అడుగున అడుగు వెడల్పు మెష్‌ని గూటి బయటవైపు నేల మీద పరిచి మట్టి కప్పాను. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, కింద ఇనుము తగిలితే వెనక్కి పోతుంది. తూముకి ఇనుప గ్రిల్లు. తలుపుకి గొళ్ళెం మీద ఇంకో కొక్కెం.

పైన గద్దలకి పాత చేపల వల కట్టాను. మన తీరం ఊళ్ళలో చిరిగిన వల దొరకడం కష్టమేం కాదు. ఒక్కటే జాగ్రత్త, వల నేలని తాకకూడదు. నైలాన్ కన్నుల్లో పాము ఇరుక్కుంటే దాన్నీ చూడలేం, దగ్గరికీ పోలేం. మేత మాత్రం సాయంత్రం తీసేయండి. మిగిలిన నూకలకి ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం పాములొస్తాయి.

కెమెరా, మిణుకు లైట్ల గురించి చాలామంది అడుగుతారు. లైటుకి జంతువు నాలుగు రోజుల్లో అలవాటు పడిపోతుంది. కెమెరా ఎవరొచ్చారో చెబుతుంది, ఆపదు. అమ్మ అయితే "నీ కెమెరా కోడిని కాయదురా, నా తలుపే కాస్తాది" అంది. ఒక అలారం మాత్రం ఉచితంగా ఉంది, అది పుంజు. గద్ద కనిపిస్తే ఒక కూత, నేల మీద వచ్చేదానికి ఇంకో కూత. పరిశోధకులు ఈ కూతలు రికార్డు చేసి కోళ్ళకి వినిపిస్తే, గద్ద కూతకి అవి దాక్కున్నాయి, రెండోదానికి తలెత్తి చుట్టూ చూశాయి. కానీ రాత్రి ఆ అలారం కూడా పనిచేయదు, చీకట్లో కోడికి చూపు సరిగా ఆనదు. అందుకే తలుపు.

ఇక మందు సంగతి. ముంగిస, బావురుపిల్లి, పునుగు, ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నవే, చంపితే కేసు. కుక్కకి విషం పెడితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్, ఐదేళ్ళ దాకా జైలు. కుక్కలు ఎక్కువైతే దారి వేరే ఉంది. 2023 నిబంధనల ప్రకారం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. ఆ పని మునిసిపాలిటీది. నిజానికి చట్టం కంటే మావయ్యకి బాగా తగిలింది బూడిదలో అడుగులే. ఫోన్‌లో ఫోటో చూపిస్తే చాలాసేపు చూసి, "కుక్కది కాదు కదేటి" అన్నాడు. గుళికల డబ్బా మళ్ళీ పొలం షెడ్డుకి పోయింది.

అన్నట్టు, పెరటి కోళ్ళని జంతువుల కంటే ఎక్కువ ఊడ్చేసేది కొక్కెర తెగులు. పిల్ల పుట్టిన వారానికి కంట్లో ముక్కులో చుక్కలు, రెండు నెలలకి ఇంజెక్షన్. దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో అడగండి. అందరం ఒకే రోజు తీసుకెళ్తే మంచిది, ఒక సీసా మందు చాలా కోళ్ళకి సరిపోతుంది, విప్పాక దాచుకోలేం.

మెష్ బిగించాక ఇప్పటిదాకా రాత్రి ఒక్కటీ పోలేదు. పగలు మాత్రం వల అంచు దాటి మేతకి పోయిన పిల్ల ఒకటి గద్దకి దొరికింది. నిన్న మావయ్య టేపు పట్టుకుని మా గూటి కొలతలు తీసుకెళ్ళాడు. ఆయన కోడళ్ళిద్దరూ రెండు అరల గూడు కావాలంటున్నారట, ఎవరి కోళ్ళు వాళ్ళవి.