మనలో మనకి కాగితాలెందుకు?

మొన్న కనుమ రోజు భోజనాలయ్యాక మా ఇంటి మగవాళ్లు వసారాలో కూర్చుని ఒక నిర్ణయం తీసేసుకున్నారు. మావారు, మా బావగారు, మావారి స్నేహితుడు ముగ్గురూ కలిసి రొయ్యల గుంటలు చేస్తారట. మొత్తం తొమ్మిదెకరాలు. అందులో ఆరెకరాలు బయటవాళ్ల దగ్గర కౌలుకి. మిగతా మూడెకరాలు విడవలూరు వైపు మా నాన్న నాకు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన గుంటలు. నేనూ మా తోడికోడలూ అప్పుడు గిన్నెలు సర్దుతున్నాం. నా పొలం సంగతి నాకు వంటింటి కిటికీలోంచి తెలిసిందన్నమాట!

కాఫీలు పట్టుకెళ్లి, ఉండబట్టలేక అడిగేశాను. "బావగారూ, ఎవరి వాటా ఎంతో, నష్టమొస్తే ఎవరెంత పెట్టుకోవాలో ఒక కాగితం మీద రాసుకుంటే బాగుంటుంది కదండీ?"

బావగారు నవ్వి, "మనలో మనకి కాగితాలెందుకమ్మా" అన్నారు. మావారి ముఖం మాడిపోయింది. రాత్రి పడుకునే ముందు "అన్నయ్య ముందు నా పరువు తీశావు" అన్నారు. రెండు రోజులు మాటల్లేవు.

నేనెందుకు అడిగానో చెప్తాను. మాకు బాగా తెలిసిన ఒకావిడ ఉంది. ఆవిడ భర్త ఇద్దరు స్నేహితులతో కలిసి గుంటలు చేసేవాడు. పంట మధ్యలో, గుండెపోటుతో పోయాడు. లెక్కలన్నీ ఆయన బుర్రలోనూ, జేబులో పెట్టుకునే చిన్న పుస్తకంలోనూ ఉండేవి. కర్మకాండ అయిన వారానికి మేత బాకీ అంటూ షాపతను వచ్చాడు. ఒక స్నేహితుడు మీ ఆయన వాటా సగం అన్నాడు, ఇంకొకతను మూడో వంతు అన్నాడు. బ్యాంకు కాగితం మీద ఆవిడ సంతకం ఉంది, ఎందుకు పెట్టిందో ఆవిడకే తెలీదు. చివరికి మాగాణి అమ్మి బాకీలు తీర్చింది. ఇందులో మోసం చేసినవాళ్లు ఎవరూ లేరు. అందరూ మంచివాళ్లే. అయినా ఆవిడ మునిగిపోయింది.

అది నా మనసులో ఉండిపోయింది. అందుకే నెల్లూరులో వకీలుగా ఉన్న మా పిన్ని కొడుక్కి ఫోన్ చేసి అడిగాను. తమ్ముడు చెప్పినవి విని నాకు నిద్ర పట్టలేదు.

మన దేశంలో భాగస్వామ్యాల చట్టం 1932 నాటిది. నోటిమాటతో కలిసి వ్యాపారం చేసినా అది భాగస్వామ్యమే. కాగితం లేదు కాబట్టి మనకి బాధ్యత లేదనుకోవడం పొరపాటు. వాటాలు తేల్చుకోకపోతే లాభమైనా నష్టమైనా అందరికీ సమానం అంటుంది చట్టం. పది లక్షలు పెట్టినవాడికీ రెండు లక్షలు పెట్టినవాడికీ ఒకటే లెక్క! వ్యాపారం కోసం ఒక భాగస్వామి అరువు తెస్తే మిగతావాళ్లూ బాధ్యులే. బాకీ మొత్తం ఒక్కరి దగ్గరే వసూలు చేసుకునే హక్కు కూడా అప్పిచ్చినవాడికి ఉంది. అంటే గుంట నష్టం ఇంటిదాకా వస్తుంది. వేరేగా రాసుకోకపోతే, ఒక భాగస్వామి చనిపోయిన రోజే ఆ భాగస్వామ్యం రద్దవుతుంది.

కాగితం రాసుకుని బీరువాలో దాచినా సరిపోదట. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించాలి. నమోదు తప్పనిసరి కాదు గానీ, అది లేకపోతే ఒప్పందం ప్రకారం నాకివ్వాల్సింది ఇవ్వమని తోటి భాగస్వామి మీద దావా వేయడానికి ఉండదు. భాగస్వామ్యం రద్దు చేసి లెక్కలు తేల్చమని మాత్రం అడగొచ్చు.

ఇక మన ఆడవాళ్ల సంగతి. మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఎన్టీఆర్ హయాంలోనే, 1986 చట్టంతో వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. పుట్టింటివాళ్లు మన పేరున రాసిచ్చిన పొలం మీద పూర్తి హక్కు మనదే. కానీ ఆ పొలాన్ని భాగస్వామ్యం ఆస్తిగా కలిపేస్తే, రేపు బాకీలకి అదీ పోతుంది. అదే భాగస్వామ్యానికి కౌలుకిస్తే మనకి కౌలు వస్తుంది, పొలం మనదిగానే ఉంటుంది. ఆ కౌలు పత్రం రిజిస్టరు చేయించాలి.

ఇంకోటి, హామీ సంతకం. "ఊరికే ఒక సంతకం పెట్టు" అంటారు చూడండి, అది ఊరికే కాదు. అప్పు తీసుకున్నవాళ్లు కట్టకపోతే హామీ పెట్టినవాళ్లని కూడా పూర్తి బాకీకి అడగొచ్చు.

వరి చేసేవాళ్లకి ఇదంతా ఎందుకనుకోకండి. మన కోవూరు పక్కల మాగాణి ఎంతో కౌలుదారుల చేతుల్లోనే ఉంది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలలకి ఒప్పందం రాసుకుని కార్డు తీసుకోవచ్చు. దానివల్ల పొలం యజమాని హక్కు పోదు, కౌలుదారుకి పంట రుణం, బీమా, నష్టపరిహారం అడిగే దారి ఉంటుంది. పొలం పోతుందేమో అని భయపడి సంతకం పెట్టని యజమానుల్లో ఆడవాళ్లూ ఉన్నారు. తెలుసుకుని పెడితే కష్టపడే ఇంకో ఇల్లు నిలబడుతుంది. కౌలు ఎన్ని పుట్లో రాసేటప్పుడు పుట్టి అంటే 850 కిలోలని కూడా రాయించండి. మన జిల్లా లెక్క అందరి లెక్కా కాదు.

కాగితం అడిగితే బంధుత్వం చెడుతుందంటారు. ఆ మాటని నేను కొట్టిపారేయను. మాట మీదే జీవితాంతం కలిసి సేద్యం చేసిన అన్నదమ్ములు మా మామగారి తరంలో ఎందరో ఉన్నారు. కానీ అప్పుడు పెట్టుబడి ఇంట్లోని విత్తనాలూ, కాడి ఎద్దులూ. ఇప్పుడు పిల్ల, మేత, ఏరేటర్లు, కరెంటు బిల్లు అన్నీ అప్పే. ఒక్క తెల్లమచ్చ తెగులు వస్తే గుంట ఖాళీ. లక్షల అప్పు మోయాల్సింది అన్నదమ్ముల మాటొక్కటే అయితే, ఆ బరువుకి మాటే ముందు విరుగుతుంది.

అయినా పెళ్లికి లగ్నపత్రిక రాసుకుంటాం కదా? వియ్యంకుల మీద నమ్మకం లేకనా? అందరికీ ఒకేలా గుర్తుండాలని. ఇదీ అంతే.

చివరికి ఏమైందంటే, మా ఇంట్లో నా మాట గెలవలేదు, మా తోడికోడలి మాట గెలిచింది. ఆవిడ ఒక్క ప్రశ్నే వేసిందట బావగారిని. "మీకేదైనా అయితే నేను ఎవరిని ఏమని అడగాలి?" మర్నాడు బావగారే వచ్చి "మీ తమ్ముణ్ణి ఒకసారి రమ్మనమ్మా" అన్నారు.

ముగ్గురి పెట్టుబడి, వాటాలు, నష్టం పంపకం, బ్యాంకు ఖాతాలో ఇద్దరి సంతకాలు, ఎంత దాటితే అందరినీ అడిగి అరువు తేవాలి, నెలకోసారి లెక్క చూపడం, మధ్యలో తప్పుకుంటే ఎలా, ఎవరైనా పోతే భార్యాబిడ్డలకి ఎన్నాళ్లలో ఎంత, తగువొస్తే ఎవరు తీర్చాలి, అన్నీ రాశారు. నా మూడెకరాలు కౌలుకి. హామీ సంతకం పెట్టనన్నాను. మావారు ఒక పూట అలిగారు, అంతే.

ఆ కాగితాన్ని మా తోడికోడలు రెండుసార్లు చదివించుకుని, ఒక నకలు తన బీరువాలో పెట్టుకుంది.

మీ ఇంట్లోనూ వసారాలో ఇలాంటి మాటలు నడుస్తుంటే, కాఫీ ఇచ్చి వెనక్కి రాకండి. ఒక కుర్చీ లాక్కుని కూర్చోండి.