గట్టుకి కట్టిన పడవ మీద ఒక కౌలు లెక్క

మిరప కోతలు అయిపోయి, టిక్కీలు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో చేరి, రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడే రోజులు చూసుకునే కొత్త పథకాలు ఊళ్లోకి దిగుతాయి. ఒకప్పుడు టేకు చెట్ల వాటాలన్నారు. 2010 ప్రాంతంలో ఈమూ పక్షులన్నారు. గుడ్డు వెయ్యి రూపాయలు, నూనె బంగారం, తోలు విదేశాలకి అని ఊదరగొట్టారు. చివరికి ఆ పక్షుల్ని కొనేవాడు లేక, మేపే స్తోమత లేక, పొలాల్లోకి వదిలేసిన రైతులు మన జిల్లాల్లోనే ఉన్నారు. ఇప్పుడు వినపడుతున్న మాట పడవ.

పడవ అంటే చేపల వేటకి కాదు. ఒక పడవ కొని, దాన్ని పాయలోనో కాలువలోనో గట్టుకి కట్టేసి, లోపల ఒక గది, ఒక బాత్రూము, ఒక ఏసీ పెట్టి, రాత్రికి ఇంత అని పట్నం వాళ్లకి అద్దెకివ్వటం. కేరళలో చేస్తున్నారు, కాశ్మీరులో చేస్తున్నారు, కోనసీమలో దిండి దగ్గర మన పర్యాటక సంస్థే పడవ ఇళ్లు పెట్టింది. సూర్యలంకకీ, వాడరేవుకీ శని, ఆదివారాలు హైదరాబాదు నుంచి కార్లు వరస కడుతున్నాయి, మనమెందుకు చెయ్యకూడదు అని అడుగుతున్నారు. అడగటంలో తప్పు లేదు. క్వింటాలు 20 వేలు చూసిన మిరప పడిపోయి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయలని మార్కెట్ జోక్యం ధర చెప్పాల్సి వచ్చింది. నల్ల తామర పురుగు 2021లో తోటల్ని ఎలా ఊడ్చిందో ఎవరూ మర్చిపోలేదు. ఇలాంటప్పుడు పంట కాని ఆదాయం ఏది కనపడినా మనసు అటు లాగుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ వ్యాపారం చెడ్డదని అనను. రెండెకరాల రైతు పాసు పుస్తకం తాకట్టు పెట్టి చేసే వ్యాపారం మాత్రం కాదంటాను.

కేరళలో ఇది ఎలా మొదలైందో చూడండి. కుట్టనాడు మన కృష్ణా డెల్టా లాగే వరి పండే పల్లపు నేల. అక్కడ ధాన్యం మోసే పెద్ద పడవల్ని కెట్టువళ్లం అంటారు. మేకు ఒక్కటి కొట్టకుండా, పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టి, నల్లగా పూత పూసి తయారు చేస్తారు. రోడ్లు వచ్చి లారీలు తిరగటం మొదలయ్యాక వాటికి సరుకు లేకుండా పోయింది. ఖాళీగా ఉన్న ఆ పడవల మీద వెదురు, తాటాకుతో గదులు కట్టి 1990ల్లో అలెప్పీలో యాత్రికుల్ని తిప్పటం మొదలెట్టారు. అంటే పడవ ముందే ఉంది, కుట్టే వడ్రంగి ఉన్నాడు, నడిపే సరంగు ఉన్నాడు, ఏడాది పొడుగునా నీళ్లున్నాయి. లేనిది కిరాయి ఒక్కటే. అది వాళ్లు వెతుక్కున్నారు. కాశ్మీరు సంగతి వేరు. అక్కడ తెల్లదొరలకి భూమి కొనుక్కునే వీలు లేక, నీటి మీద ఇళ్లు కట్టించుకున్నారు.

మనకీ పడవలు ఉండేవి. దుగ్గిరాల లాకుల నుంచి కొమ్మమూరు కాలువ మీద పెదగంజాం దాకా, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా సరుకు పడవల మీదే పోయేది. ధాన్యం, ఉప్పు, వంట చెరకు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవాళ్లు. ఇవాళ 70 దాటిన వాళ్లకి చిన్ననాటి జ్ఞాపకం అది. లారీలొచ్చాక ఆ పడవలు పొయ్యిలోకి పోయాయి, వాటిని చేసే పనివాళ్లు వేరే పనుల్లోకి పోయారు. 2008లో ఈ కాలువలన్నిటినీ నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2017లో ముక్త్యాల, విజయవాడ మధ్య పనులకి శంకుస్థాపన కూడా చేశారు. కొమ్మమూరు గట్టు మీద నిలబడి చూస్తే మాత్రం ఇప్పటికీ కనపడేది గుర్రపుడెక్కే.

అందుకని మనం పడవ కొత్తగా కొనాలి. కొని ఎక్కడ కట్టాలి? అసలు చిక్కు ఇక్కడుంది. జనం సెలవులకి వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. మన డెల్టా కాలువలు కట్టేసేది సరిగ్గా అప్పుడే. అడపాదడపా తాగునీటికి వదిలితే తప్ప కాలువలో ఉండేది బురద. పట్నం దంపతులు వచ్చేసరికి పడవ ఒక పక్కకి ఒరిగి బురదలో కూర్చుని ఉంటుంది. పోనీ సాగర్ జలాశయంలో కడదామా అంటే, నిండితే 590 అడుగులు, వేసవికి 520 దాకా దిగిపోతుంది. పొద్దున గట్టుకి కట్టిన పడవ నెల తిరిగేసరికి రాళ్ల మీద ఉంటుంది, నీళ్లు దూరంగా వెళ్లిపోతాయి. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ ప్రాజెక్టు ఉందిగా అంటారు ప్రకాశం వాళ్లు. ఉంది. 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరులో ఇంకో గేటు కొట్టుకుపోయి, నిల్వ చేసుకున్న నీళ్లు సముద్రం పాలయ్యాయి. ఆ నీళ్లని నమ్ముకున్న ఆయకట్టు రైతే ఏడ్చాడు, పడవ యజమాని ఎంత?

ఇక ఎప్పుడూ నీళ్లుండేవి నిజాంపట్నం, సూర్యలంక వైపు ఉప్పు పాయలు, ప్రకాశం బ్యారేజీ పైన కృష్ణ. పాయల దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను భయం. బ్యారేజీ దగ్గర ఏం జరిగిందో 2024 సెప్టెంబరులో అందరం చూశాం. 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. పైన కట్టేసి ఉన్న భారీ పడవలు తాళ్లు తెంచుకుని వచ్చి గేట్లకి కొట్టుకుని, కౌంటర్ వెయిట్లు పగలగొట్టాయి. అవి ఇసుక మోసే ఇనుప పడవలు. వాటినే తాడు ఆపలేకపోయింది. డెల్టా మొత్తానికి నీళ్లిచ్చే బ్యారేజీకి ఒక గట్టు పడవ ఎంత ప్రమాదమో ఆ రోజు తేలిపోయింది.

ఇప్పుడు లెక్కకి వద్దాం. ఇవి నేను వేసుకున్న అంకెలు, మీరు మీ అంకెలు వేసి చూసుకోండి. గది, బాత్రూము, జనరేటరుతో పడవకి 20 లక్షలు అనుకోండి. నూటికి రూపాయి వడ్డీ చొప్పున ఏడాదికి 2 లక్షల 40 వేలు. పదేళ్లకి పడవ అరిగిపోతుందనుకుంటే ఏటా 2 లక్షలు తరుగు. కాపలాకి ఒకరు, వంటకీ శుభ్రానికీ ఒకరు, నెలకి 12 వేలు చొప్పున ఇద్దరికీ 2 లక్షల 88 వేలు. అడుగు గీకి రంగు వెయ్యటం, బీమా, డీజిలు, దుప్పట్ల ఉతుకు కలిపి ఒకటిన్నర లక్ష. మొత్తం 8 లక్షల 78 వేలు. రాత్రికి 4 వేలు అద్దె వస్తే, 220 రాత్రులు పడవ నిండితేనే పెట్టిన డబ్బు పెట్టినట్టు వస్తుంది. పథకం అమ్మేవాడు నెలకి 25 రాత్రులు అంటాడు. మన తీరానికి జనం వచ్చేది శని, ఆదివారాలు. ఏడాదికి 104 రాత్రులు, పండగలకి ఇంకో 20 కలపండి. 124 రాత్రులకి 4 లక్షల 96 వేలు. మధ్యవర్తి కమీషను ఇంకా తియ్యనే లేదు. నష్టం 3 లక్షల 82 వేలు. క్వింటాలు 12 వేలు చొప్పున ఇది 32 క్వింటాళ్ల ఎండుమిర్చి. ఎకరంన్నర తోట పంట మొత్తం, పెట్టుబడితో సహా, నీటిలో పోసినట్టు.

మీరు కొననక్కర్లేదు, వాటా తీసుకోండి, నెల నెలా అద్దెలో భాగం ఇస్తాం అనేవాళ్లుంటారు. ఇక్కడ మనకి తెలిసిన కౌలు భాషలోనే ఆలోచించాలి. మక్తా కౌలులో పంట పండినా, ఎండినా భూమి ఇచ్చినవాడి డబ్బు వాడికి వస్తుంది, దెబ్బ కౌలుదారుడిది. కౌలు రైతులకి ఆ బాధ నేను చెప్పాలా! వాటా పడవలో ఇది తిరగబడుతుంది. డబ్బు పెట్టిన మీరు కౌలుదారుడి స్థానంలో ఉంటారు. జనం రాకపోతే నష్టం మీది, వచ్చినా రాకపోయినా నిర్వహణ ఖర్చు పేరుతో వాడు తీసుకునేది తీసుకుంటాడు. పడవ ఎవరి పేరు మీద రిజిస్టరైందో అడగండి. వాటాదారుల పేర్లు ఆ కాగితంలో ఉండవు. జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే అధికారం ఎవరిచ్చారో అడగండి. అగ్రిగోల్డ్ బాండ్లు ట్రంకు పెట్టెలో దాచుకుని ఏళ్ల తరబడి తిరిగిన కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, వాళ్లనీ ఒకసారి అడగండి.

వేట నిషేధం రోజుల మాట కూడా కొందరు తెస్తున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు నిజాంపట్నం హార్బరులో కట్టేసే ఉంటాయి కదా, వాటిలో గదులు కట్టి అద్దెకిస్తే మత్స్యకారుడికీ నాలుగు డబ్బులు, మనకీ పెట్టుబడి మీద ఆదాయం అని. వినటానికి బాగానే ఉంది. నిజానికి ఆ రెండు నెలలూ పడవకి ఖాళీ కాదు, ఇంజను విప్పటం, చెక్క మార్చటం, వలలు అల్లుకోవటం అన్నీ అప్పుడే. డీజిలు, చేపల వాసనలో డబ్బిచ్చి పడుకునేవాడు ఎవడో నాకు తెలియదు. అంతకన్నా ముఖ్యం, చేపల పడవ వేరు, మనుషుల్ని ఎక్కించే పడవ వేరు. 2023 మే 7న కేరళలో తానూరు దగ్గర 22 మంది చనిపోయిన పడవ, చేపల పడవని మార్చి చేసిన విహార పడవే.

ప్రకాశం జిల్లా వాళ్లకి ఈ విషయం ఇంకొకరు చెప్పక్కర్లేదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర బోల్తా పడ్డ పడవలో చనిపోయిన ఇరవై మందికి పైగా జనంలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లు. దానికి అనుమతే లేదు. రెండేళ్లకి 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకో యాభై మంది దాకా పోయారు. గట్టుకి కట్టిన పడవ కదలదు కదా అనుకోవద్దు. రాత్రి పూట నిద్రలో నీరెక్కితే కట్టేసిన పడవా మునుగుతుంది, గ్యాసు పొయ్యి అంటుకుంటే తాటాకు కప్పు క్షణాల్లో పోతుంది. లోనికి వచ్చిన ప్రతి మనిషికీ యజమాని పూచీ. వాటాదారుడు యజమానే అని ఆ రోజు పోలీసులు అంటే ఏం చేస్తారు? 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం వచ్చింది. రిజిస్ట్రేషను, తనిఖీ, బీమా లేకుండా పడవ నడపటానికి వీల్లేదు. ఈ మూడు కాగితాలూ చూపించలేనివాడితో మాట్లాడటం కూడా దండగ.

అయినా చేసేవాళ్లు చేస్తారు, పెట్టుబడి ఉన్నవాళ్లు తీరంలో పడవలు కడతారు. కట్టనివ్వండి. మనకి అందులో వచ్చేది ఏదైనా ఉందా అంటే, ఉంది. గట్టు పక్కన మీ పొలం ఉండి, దారికో, షెడ్డుకో అడిగితే ఇవ్వండి. కానీ వాటా మీద కాదు, మక్తా మీద. ఏడాది డబ్బు ముందే తీసుకుని, కాగితం రాసుకుని, గడువు అయ్యాక ఖాళీ చేసేటట్టు. అమ్మకం అగ్రిమెంటు అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేకుండా చదువుకున్న పిల్లవాడి చేత చదివించుకోండి. సూర్యలంకలో గదులు పెరిగే కొద్దీ పాలు, కూరగాయలు, నాటుకోళ్లు కావాలి. కల్లంలో ఎండిన మిరపకాయని తొడిమ తీసి, ఊళ్లో మరలో ఆడించి అరకిలో పొట్లాలు కట్టి, వచ్చిన యాత్రికుడికి అమ్మితే, యార్డులో తరుగూ కమీషనూ లేని అమ్మకం అది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు పచ్చళ్లతో ఈ పని ఎప్పుడో నేర్చుకున్నారు. పెట్టుబడి వేలల్లో, పోయినా పొలం పోదు.

ఒక్క విషయంలో మాత్రం పట్టుదలగా ఉండాలి. ఉప్పు పాయలో కట్టినా, చేపలూ రొయ్యలూ ఉండే నీళ్లు కాబట్టి మురుగు అందులోకి వదలకూడదు. సాగు కాలువలోకైతే పడవనే రానివ్వకూడదు. కొమ్మమూరు చివరి భూములకి నీళ్లు అందటమే గగనం, అందినవాటిలో పై నుంచి ఊళ్ల మురుగు ఇప్పటికే కలుస్తోంది. ఆ నీళ్లే చెరువుల్లో నింపుకుని తాగే పల్లెలున్నాయి. పడవలోని బాత్రూము నీళ్లు తొట్టిలో పడతాయి, ట్యాంకరు వచ్చి తీసుకెళుతుంది అని కాగితం మీద రాస్తారు. వారానికి ఒకసారి ట్యాంకరుకి డబ్బు కట్టేకన్నా అర్ధరాత్రి వాల్వు తిప్పటం తేలిక. 1997 చట్టం కింద ఏర్పడ్డ నీటి సంఘాలకి 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి, మీరు ఎన్నుకున్న మనుషులు వాటిలో ఉన్నారు. కాలువ మీద పడవలకి అనుమతి అడుగుతూ ఎవరైనా వస్తే ఆ అర్జీ ముందు సంఘం సర్వసభ్య సమావేశంలో చదవాలని, చివరి భూముల రైతులు ఉన్నప్పుడే చదవాలని ఇప్పుడే తీర్మానం రాయించి మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి.