చేపల తొట్టెకు రెండవ గొట్టము



పెరటి తొట్టెలలో చేపలు పెంచుచు, నీటిని పారబోయక వడగట్టి తిరిగి వాడు పద్ధతి మన గ్రామములకును వచ్చినది. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇట్టి పెరటి యూనిట్లను చేర్చిరి. పై తొట్టెలో చేపలు, క్రింది తొట్టెలో వడపోత. పంపు నీటిని పైకి ఎక్కించును. నిండిన నీరు గొట్టము గుండా దానంతట అదే దిగును. మీరందరు పంపును గురించి అడుగుదురు. దిగు గొట్టమును గురించి అడిగినవారు అరుదు.

ఒక రైతుకు నేనే ఒక్క గొట్టము చాలునని చెప్పితిని. ఒక రాత్రి చచ్చిన చేప జల్లెడకు అడ్డుపడినది. పంపు ఆగలేదు. నీరంతయు అంచు దాటి నేలపాలయ్యెను, క్రింది తొట్టె ఎండి పంపు కాలిపోయెను. ఆ సలహా నాది, నష్టము అతనిది.

మన చెరువులను చూడుడు. తూము వేరు, అలుగు వేరు. తూమును తెరతుము, మూయుదుము. అలుగును ఎవ్వరును మూయరు. తొట్టెకును అట్లే రెండు గొట్టములుండవలెను. మొదటిదానికి వాల్వు, జల్లెడ ఉండవచ్చును. రెండవదాని నోరు మామూలు నీటి మట్టమునకు ఒక అంగుళము పైన, తొట్టె అంచుకు బాగుగా దిగువన ఉండవలెను. దానికి వాల్వు వలదు, మొదటిదానితో కలుపవలదు. విడిగా క్రింది తొట్టెలోనికి దిగవలెను. అందులో నీరు పడు చప్పుడు వినబడినచో మొదటిది మూసుకొన్నదని తెలియును.

రెండు అంగుళముల గొట్టమునకు బదులు అంగుళము గొట్టములు రెండు వేసిన సరిపోవునని కొందరందురు. సరిపోదు, ఆ రెండింటి వైశాల్యము కలిపినను దానిలో సగమే. తొట్టెకు రంధ్రము చేయుటకు జంకి, అంచు మీదుగా వంపు గొట్టము వ్రేలాడదీయుటయు నాకు సమ్మతము కాదు. అందులో గాలి చేరినచో నీటి ధార తెగును.

చేపలు విడువక పూర్వమే పంపు నడిపించి, మొదటి గొట్టము నోరు అరచేత మూసి, రెండవది నీటినంతయు దింపుచున్నదో లేదో చూడుడు. పిమ్మట కరెంటు తీసివేయుడు. రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు గల తొట్టెలో నీరు 5 సెంటీమీటర్లు దిగినచో 100 లీటర్లు క్రిందికి వచ్చును. క్రింది తొట్టెలో అంత చోటు ఖాళీగా ఉంచవలెను.

సిమెంటు తొట్టె కట్టించునపుడే రెండు గొట్టములను గోడలో పెట్టించుడు. ఆరిన గోడను తరువాత పగులగొట్టినచో అక్కడ కారవచ్చును.