కల్లు రసజ్ఞులు

ద్రాక్షాసవాన్ని చవిచూచి అది ఏ తోటదో, ఏ యేటిదో చెప్పగల పాశ్చాత్యుని మనం రసికుడని గౌరవిస్తాం. ఆ పనినే ఈతచెట్టు నీడన కూర్చుండి చేసేవాణ్ణి తాగుబోతని తీసివేస్తాం. ఇది న్యాయం కాదు.

1970ల చివర, నా బాల్యంలో, ఆలంపురం చుట్టుపట్ల చూచిన కొందరు ఇప్పటికీ కన్నుల ముందు మెదలుతారు. మోదుగాకు దొప్పలోని కల్లును ఒక్క గుక్క పుక్కిలించి, అది తెల్లవారి దించినదో, నిన్నటి సాయంకాలానిదో చెప్పే వృద్ధుడొకరు. నాలుగు చుక్కలు భూదేవికి విడిచి, ఒక తత్త్వం పాడుకొన్న తరువాతగాని దొప్ప అందుకోని హార్మోనిస్టు మరొకరు. కలుపు తీసి వచ్చి, పలుచనైన కల్లును అమ్మేవాని ముందే పారబోసి, “నీళ్ళు తాగనీకైతే తుంగభద్ర లేదా?” అని నిలదీసిన అవ్వ ఇంకొకతె.

చెట్టునుండి దిగిన నీరా వెంటనే పులియనారంభిస్తుంది, మరునాటికి చెడుతుంది. దాని మంచిచెడ్డలకు ఆనాడు నాలుకే కొలబద్ద. ఆ అవ్వను మోసగించడం ఎవరి తరం?

నేడు రుచి అడిగేవారు అరుదు, మత్తు చాలునంటున్నారు. ఆ సందునే క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలం లొట్టిలోకి దిగినవి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు పలువురి ప్రాణాలు తీసింది.

నేను పానాన్ని ప్రశంసించడం లేదు. అధికారుల తనిఖీలు జరుగవలసిందే. కాని ప్రతి దుకాణం ముందు ప్రతిదినమూ నిలువగల తనిఖీదారు రుచి ఎరిగిన మనిషి ఒక్కడే. అతణ్ణి తాగుబోతని నవ్వి పోగొట్టుకొన్నాం.