ఆషాఢం బోర్డులో ఆ చిన్న ‘వరకు’

ఆషాఢం వచ్చిందంటే హైదరాబాద్ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ రోడ్లలో బొటిక్‌ల అద్దాల మీద ఎర్ర స్టిక్కర్లు పడతాయి. ‘50 శాతం’ అన్న అంకె రోడ్డు అవతలి నుంచి కూడా కనబడుతుంది. దాని పక్కనే ఉండే ‘వరకు’ మాత్రం, లోపల ధరలు చూసి బయటికి వచ్చేటప్పుడు గానీ కంటపడదు. ఏడాది పొడుగునా ‘మనకెందుకులే’ అనుకుంటూ ఆ గాజు తలుపుల ముందు నుంచి వెళ్లిపోయేవాళ్లు సైతం ఆ నెలలో ఒకసారి తొంగిచూస్తారు. చూడాల్సిందే. డిజైనర్ బట్టలు మధ్యతరగతి చేతికి అందే కాలం ఏదన్నా ఉంటే అదే. కాకపోతే స్టిక్కర్ చదివి కొనేవాళ్లకూ, బట్ట తిరగేసి కొనేవాళ్లకూ ఇంటికొచ్చాక చాలా తేడా తెలుస్తుంది.

తగ్గింపు ఎందుకు ఇస్తున్నారో తెలిస్తే బేరం సగం తెలిసినట్టే. విదేశీ బ్రాండ్లు వేసవి, చలికాలం లెక్కన సరుకు మారుస్తాయి. మన బొటిక్ నడిచేది పంచాంగం మీద. ముహూర్తాలు జోరుగా ఉన్నప్పుడు మగ్గం ఖాళీ ఉండదు. పెళ్లికూతురి బ్లౌజ్ అంటే ‘నెల పడుతుంది మేడమ్’ అన్నదే జవాబు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, కొత్త కోడళ్లు పుట్టింట ఉంటారు, షాపు అద్దె మాత్రం ఆగదు. 2024లో అయితే మరీ చిత్రం. ఏప్రిల్ చివర్లో పట్టిన మూఢం జూలై మొదటి వారం దాకా వదల్లేదు. వదిలిందో లేదో ఆషాఢం. శ్రావణం వచ్చేదాకా మూడు నెలలకు పైగా పెళ్లి బాజా వినబడలేదు. అలాంటి ఏడాది సరుకు కదలాలంటే ధర దిగక తప్పదు. అంటే తగ్గింపు యజమాని ఉదారంగా ఇచ్చే కానుకేమీ కాదు, నిలిచిపోయిన పెట్టుబడిని వెనక్కి లాక్కునే దారి. ఈ సంగతి గ్రహించిన కొనుగోలుదారు మొహమాటపడాల్సిన అవసరమే లేదు.

ఇక సేల్ స్టాండుకు వేలాడేవన్నీ ఒకే జాతి కావు. బొమ్మకు తొడిగి అద్దంలో నిలబెట్టిన పీసులు కొన్ని. ఫొటో షూట్‌కో, ఎగ్జిబిషన్‌కో వెళ్లొచ్చినవి కొన్ని. ఆర్డరిచ్చి అడ్వాన్సు కట్టి తీసుకెళ్లనివి ఇంకొన్ని. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగమ్మాయి వీడియో కాల్‌లో రంగు ఎంచుకుని, ఫంక్షన్ వాయిదా పడి వదిలేసిన లెహంగాలు ఈ కోవలోవే. కొలత కుదిరిందా, వీటిని మించిన బేరం లేదు. ఎందుకంటే పూర్తి ధర పెట్టి కొనేవాళ్ల కోసమని ఒళ్లు దగ్గర పెట్టుకుని కుట్టినవి అవి. వీటి మధ్యలో ఇంకో జాతి కూడా చేరుతుంది: సేల్ కోసమే టోకు బజారు నుంచి దించిన సరుకు. దానికి బొటిక్ లేబుల్ ఉంటుంది తప్ప బొటిక్ పనితనం ఉండదు. దాని మీద 50 శాతం తగ్గించినా, 70 తగ్గించినా కొనేవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

ఏది ఏ జాతో కనిపెట్టడం ఎలా? బట్టను తిరగేయడమే. లోపలి వైపు దాచుకోలేని నిజాలు చాలా ఉంటాయి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ అయితే వెనకాల ఒకే రంగు దారం వరుసలు తీరి ఉంటాయి, చింపేసిన కాగితం లాంటి అస్తరు ముక్కలు పూల అంచుల్లో మిగిలిపోయి ఉంటాయి. చేత్తో వేసిన మగ్గం వర్క్ వెనక దారం ముడులు, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దాటిన పోగులు కనిపిస్తాయి. కుందన్ రాయిని గోటితో మెల్లగా కదిపితే అది కుట్టిందో జిగురుతో అంటించిందో తెలిసిపోతుంది. జిగురుదైతే డ్రైక్లీనింగ్‌కు వెళ్లి సగం రాళ్లతో తిరిగొస్తుంది. పక్క కుట్టు దగ్గర లోపల అంగుళమైనా బట్ట వదిలారేమో చూడాలి, రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి ఆ అంగుళమే దిక్కు. డిస్‌ప్లే పీసైతే భుజాల మీద వెలిసిన గీత, మెడ పట్టీకి ఎవరిదో మేకప్ మరక ఉంటాయి. పోచంపల్లి ఇక్కత్ అన్నారనుకోండి, రెండు వైపులా డిజైన్ దాదాపు ఒకేలా ఉండాలి. వెనక వెలవెలబోతే అది ప్రింటు. సేల్స్ అమ్మాయి ‘ప్యూర్ అక్కా, చూడక్కర్లేదు’ అంటే ఇంకాస్త ఎక్కువసేపు చూడటం మంచిది.

డిజైనర్ అన్న మాటకు మాత్రం ఏ గీటురాయీ లేదు. టైలర్ షాపు పక్కన ఏసీ పెట్టి బోర్డు మారిస్తే ఎవరూ అడ్డుకోరు. ఇంకో పక్క పేరుకు ఉన్న ధర ఎంతటిదో 2021 ఆగస్టులో దేశమంతా చూసింది. సబ్యసాచి, హెచ్ అండ్ ఎం కలిసి తెచ్చిన దుస్తులు నిమిషాల్లో అమ్ముడయ్యాయి. అందులో చీర 9,999 రూపాయలు. రాజస్థాన్ సాంగానేరీ చేతి అచ్చు పనిని తలపించే ఆ డిజైన్లు మిషన్ మీద అచ్చయినవి. చేతివృత్తుల సంఘాలు బహిరంగ లేఖ రాసి నిలదీశాయి. లక్షల ఖరీదు చేసే పేరు పది వేలకు వచ్చిందన్న సంబరంలో కొన్నవాళ్లకు దక్కింది ప్రధానంగా ఆ పేరే. దీనికి ఎదురు ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. ‘మహానటి’ సినిమా దుస్తులకు జాతీయ అవార్డు పంచుకున్న డిజైనర్ గౌరంగ్ షా పేరు తెచ్చుకున్నది చేనేత జాందానీతో. అలాంటి నేతలో ధర వెనక మగ్గం మీద గడిచిన రోజులు ఉంటాయి. అక్కడ ‘సగానికి ఇస్తారా’ అని అడగడం నేతగాడి రోజుల్ని సగం చేయమనడమే.

అసలు మనవాళ్ల బేరమే వింత. జనరల్ బజార్‌లో లేసు మీటరుకు ఐదు రూపాయల కోసం పది నిమిషాలు వాదించేవాళ్లు, బంజారాహిల్స్ గాజు తలుపు దాటగానే మూగబోతారు. కాఫీ ఇచ్చారు కదా, ఏం అడుగుతాం! అడగొచ్చు. ధర దిగకపోతే కొసరు అడగాలి. చీరకు ఫాల్, జిగ్‌జాగ్, కుచ్చులు, లెహంగాకు ఆల్టరేషన్, దుపట్టాకు అంచు. షాపుకు పెద్దగా ఖర్చు లేనివి, బయట చేయిస్తే మాత్రం చేతి చమురు వదిలేవి ఇవే. కొత్తగా వేయించే మగ్గం వర్క్ కూలి దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడకపోవడం మేలు. అక్కడ తగ్గే రూపాయి చాలాసార్లు యజమాని లాభంలోంచి కాక కారిగర్ చేతిలోంచే పోతుంది, దానికి తగ్గట్టే కుట్టూ పలచబడుతుంది.

పన్ను లెక్క కూడా ఒకటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో రెడీమేడ్ దుస్తు 2,500 రూపాయల వరకు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. పన్ను కాకుండా మూడు వేలున్న కుర్తా పూర్తి ధరకు కొంటే 3,540 అవుతుంది. 20 శాతం తగ్గితే ధర 2,400, పన్నుతో 2,520. తగ్గింపు ఆరు వందలే, మిగిలేది 1,020. అదే ట్యాగ్ మీద ఎంఆర్‌పీ అని ఉంటే పన్నులన్నీ అందులోనే ఉన్నట్టు. తగ్గించిన ధర మీద మళ్లీ పన్ను వేయడం అనుచిత వ్యాపారమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లోనే తేల్చింది.

‘సేల్ సరుకు మార్చబడదు, డబ్బు వాపసు లేదు’ అన్న బోర్డుకు కూడా జనం అనవసరంగా జడుస్తారు. కొలతలిచ్చి కుట్టించుకున్న బ్లౌజ్‌ను మనసు మారిందని వెనక్కి తీసుకోమంటే ఏ బొటిక్ తట్టుకోలేదు, అది న్యాయమే. లోపమున్న సరుకు సంగతి వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం దాన్ని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ఆ ధరకు అమ్మే ఉద్దేశం లేకుండా తగ్గింపు ధర ప్రకటించడాన్ని కూడా ఈ చట్టం తప్పుబడుతుంది. చీటీ ముక్క మీద అంకె రాసిచ్చి ‘బిల్లయితే జీఎస్టీ పడుతుంది మేడమ్’ అనే చోట ఆ కాస్త ఆదాకు ఒప్పుకుంటే, రేపు రాళ్లు రాలినప్పుడు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. ఆషాఢం నెలలో తూనికలు, కొలతల శాఖ సిబ్బంది కిరాణా కొట్లతో పాటు ఈ గాజు తలుపులు కూడా తోసి, పాత ధర, కొత్త ధర రెండూ ట్యాగ్ మీద ఉన్నాయో లేదో, ఆ పాత ధరకు ఎప్పుడైనా ఒక్క పీసన్నా అమ్మిన బిల్లుందో లేదో అడిగితే, ఎర్ర స్టిక్కర్లలో సగం వాటంతటవే ఊడిపోతాయి.